ఐదు కిలోల లోపు పడవ ఆగదు

ఒకటో తూకం

ఈ పుస్తకంలో చెత్త గురించి తప్ప ఇంకేమీ రాయకూడదని పడవల ఆఫీసు వాళ్లు మొదటి పేజీలోనే అచ్చు వేశారు. మా షెడ్డు చెత్త సంగతి రాయాలంటే నా మొగుడి సంగతి రాయక తప్పదు. దాన్ని తూచేది ఆయనే. చదివేవాళ్లకి అభ్యంతరం ఉంటే పేజీ తిప్పుకోవచ్చు.

నేను కాసులమ్మని. పద్నాలుగో ట్యాంకు రొయ్యల షెడ్డుకి మేస్త్రిని. సముద్రం ఊళ్ల మీదికి రాకముందు ఈ ట్యాంకు ఎవరికో మంచినీళ్లిచ్చేదట. ఇప్పుడు దాని తల ఒక్కటే నీళ్ల పైన ఉంది. చుట్టూ బల్లలు పరిచి, పైన రేకులు కప్పి, పదకొండు మంది ఆడవాళ్లం ఇక్కడే ఉంటూ రొయ్యలు ఒలుస్తాం. ఒలిచిన రొయ్యని డ్రోన్లు పట్టుకుపోతాయి. మిగిలిన చెత్తని పది రోజులకోసారి తూకం పడవ పట్టుకుపోతుంది. ఒక్క గంపెడు సముద్రంలో పారేసినా షెడ్డుకి తాళమే.

ఆ పడవలో కాటా దగ్గర కూర్చునే ఎల్లాజీ నా మొగుడు. ఆయన పడుకునేది పడవలో, నేను పడుకునేది ట్యాంకు మీద. ఏడాదికోసారి దొరికే పదిహేను రోజుల సెలవు తప్పిస్తే, పడవ ఆగినంతసేపే మా కాపురం. రేడియోలో మాట్లాడుకోవచ్చుగానీ మిగతా ట్యాంకుల వాళ్లందరూ వింటారు.

మాకిచ్చే కరెంటులో చెత్త కిలోకి మూడు యూనిట్లు కోసేస్తారు. ఈసారి కోత పోగా మా ఐసుగది రోజుకి పద్నాలుగు గంటలే నడుస్తుంది. పోయిన తూకానికి పదిహేను నడిచింది. గంటలు తగ్గితే సరుకు పాడవుతుంది, పాడైంది చెత్తలో కలుస్తుంది, చెత్త పెరిగితే మళ్లీ కోత. పన్నెండు గంటల లోపుకి పడిన షెడ్డుని మూసేసి మనుషుల్ని గట్టుకి పంపేస్తారు. మా పదకొండు మందిలో గట్టున ఇల్లున్నవాళ్లు ఇద్దరే.

అందుకని ఇవాళ ఆయన్ని అడిగాను, "ఆ పన్నెండు కిలోలు వదిలెయ్ మావా. నాలుగొందలని రాసెయ్" అని.

"వదిలేసి ఎక్కడెట్టను? జేబులో ఏసుకుపోనా?" అన్నాడు.

మా అందరికంటే పెద్దది నూకరత్నం పిన్ని, నోరు కూడా పెద్దదే. "మన అల్లుడు తూకందారైతే కాటా మన వైపు మొగ్గుద్దనుకున్నాం. ఈయన కాడ కన్నతల్లిని కూసోబెట్టినా తరుగు తీసేత్తాడు" అంది.

ఆయన పుస్తకంలో 412 అనే రాశాడు. గంపలు ఎక్కించాక కాళ్ల మీద కారుతున్న నీళ్లు చూసుకుని, "ఏటే కాసులూ, సెత్తకి తానం సేయించి పంపుతున్నావేటి? నేను పొట్టు తూత్తన్నానో సముద్రం తూత్తన్నానో తెలవట్లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మూడేళ్ల కింద, తొమ్మిదో ట్యాంకు చెత్త ఎక్కిన రోజు ఆ కంపుకి అన్నం సయించదని ఆయనే అన్నాడు. అప్పటినుంచీ మేం రొయ్య తలల్నీ పొట్టునీ మూడు నీళ్లలో కడిగి మరీ గంపలకెత్తుతున్నాం. ఎవరి కోసం? పైగా పడవలో రేడియో ఆన్‌లో ఉంది. తొమ్మిదో ట్యాంకు వరాలమ్మ నవ్వడం నాకు స్పష్టంగా వినిపించింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నారు. నా సంగతి సరిగ్గా అదే.

బరువు: 412 కిలోలు. పడవ ఆగింది: గంట.

రెండో తూకం

కోపం తగ్గాక ఆలోచిస్తే ఆయనన్నది నిజమే. కడిగిన నీళ్లన్నిటికీ కరెంటు కట్టాం. ఇంత బుద్ధి లేని పని మూడేళ్లపాటు శ్రద్ధగా చేశామంటే ఎవరికి చెప్పుకోవాలి.

పాత వలలు రేకుల మీద కట్టి పొట్టుని ఎండబెట్టాం. కడగడం మానేశాం. కొంగలూ కాకులూ పడకుండా దేవుడమ్మ కర్ర పట్టుకుని కూర్చుంది. దేవుడమ్మకి మోకాళ్లు పట్టేసి నిలబడి ఒలవలేదు, కూర్చుని తిట్టడంలో మాత్రం ఆమెకి సాటి లేదు. రెండెండలకే మూడొందల ముప్పై కిలోల పొట్టు ఎనభైకి దిగింది. గలగలమంటోంది, కంపు కూడా లేదు.

ఎల్లాజీ ఒకటికి రెండుసార్లు తూచాడు. ఏదో దాచానని అనుమానం.

"మిగతాదేదే?"

"గాలికి పోయింది మావా. గాలిక్కూడా తూకం ఏత్తావా?"

నవ్వాడు. ఆయన నవ్వితే పై పన్ను లేని చోటు కనిపిస్తుంది. ఆ పన్నెప్పుడు ఊడిందని అడగబోయేసరికి పడవ సైరన్ కొట్టేసింది. ఈసారి ఎందుకో తొందరగా పోయారు.

ఐసుగది ఇరవై మూడు గంటలు నడుస్తుంది. రాత్రి అందరం పులుసు వండుకుని తిన్నాం.

బరువు: 162 కిలోలు. పడవ ఆగింది: 24 నిమిషాలు.

మూడో తూకానికి నాలుగు రోజుల ముందు

ఒకసారి రుచి తగిలితే మనిషి ఆగడు. ఇప్పుడు షెడ్డులో ఎవరు ఏం పారేసినా నేను వెనకే వెళ్లి తీసి చూస్తున్నాను. పిన్ని నన్ను పిశినారి మేస్త్రి అంటోంది.

ఉప్పు చిన్న చిన్న పాకెట్లలో వచ్చేది, పాకెట్లన్నీ చెత్తే. డ్రమ్ముల్లో పంపండి, ఖాళీ డ్రమ్ములు మీ డ్రోనుకే తిరిగి కడతామని ఉప్పు కంపెనీకి చెప్పాను. సరేనన్నారు. చిరిగిన గోనెల్ని కుట్టి ఐసుపెట్టెలకి తొడుగులు చేశాం. తెగిన వలలు పేని తాళ్లు చేసి, తాళ్లు అల్లి, కాళ్లు జారే చోట పరిచాం. దేవుడమ్మ మూడేళ్లలో రెండుసార్లు పడింది అక్కడే. ముందే ఎందుకు చేయలేదని అడిగింది.

ఇక పొట్టు. పదకొండో ట్యాంకులో చేపల్ని పెంచే మసేను ఉన్నాడు. ఎండిన పొట్టు దంచి ఇస్తే మేతలో కలుపుకుంటానన్నాడు. పది రోజులకి ముప్పై కిలోలు చాలట. మిగతాది గట్టున కోళ్లఫారాల వాళ్లు కావాలంటారని చెప్పాడు. అలా ఇవ్వాలంటే పొట్టు చెత్త కాదు, సరుకు అని ఆఫీసులో రాయించాలి. రాయించేశాను. ఒకసారి సరుకని రాయించుకున్నది మళ్లీ చెత్తగా తీసుకోబోమని వాళ్లొక షరతు పెట్టారు. మళ్లీ చెత్తని ఎవరంటారు, పెట్టుకోండి అన్నాను.

మూడో తూకం

పడవ వచ్చింది. ఎల్లాజీ దిగాడు. నేను టీ పోశాను. గంపలు రెండే. టీ సగంలో ఉండగానే సైరన్ మోగింది.

"ఏటి మావా, ఈమజ్జ మీ పడవకి కాలు నిలవట్లేదు?"

ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పాడు. "ఆగే సేపు ఆఫీసోళ్లే కడతారే. బరువుని బట్టి. నిమిషానికి ఏడు కిలోలు. ముప్పై ఎనిమిది కిలోలకి ఆరు నిమిషాలు కూడా లేదు."

పదిహేడేళ్లుగా పడవలో ఉన్నాడు, ఈ మాట నాకు ఇవాళే చెప్పాడు. ఇన్నాళ్లూ చెప్పాల్సిన అవసరం రాలేదట. మా చెత్త ఎప్పుడూ గంటకి సరిపడా ఉండేది.

పడవ పోయాక వెనక పేజీలు తిప్పి చూశాను. గంట, ఇరవై నాలుగు నిమిషాలు, ఆరు నిమిషాలు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఐసుగది ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. ఇంకా కరెంటు మిగిలితే ఫ్యాన్లు వేసుకుంటున్నాం. చల్లగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

బరువు: 38 కిలోలు. పడవ ఆగింది: 6 నిమిషాలు.

నాలుగో తూకం

ఊడిన పన్ను సంగతి ఈసారైనా అడుగుదామనుకున్నాను. ఆయన అసలు దిగనే లేదు. పడవలోంచే కొక్కెం వేసి గంప లాక్కుని తూచాడు. చిరిగిన రబ్బరు చేతొడుగులు, అంతే. మా దగ్గర ఇంక మిగిలిన చెత్త అదొక్కటే.

ఒక కాగితం మాత్రం నా చేతిలో పెట్టాడు. ఆఫీసు నోటీసు. ఐదు కిలోల లోపు చెత్త ఉన్న షెడ్డు దగ్గర ఇకనుంచి పడవ ఆగదు. అలాంటి షెడ్డు పేరు పడవ దారిలోంచి తీసేస్తారు. చెత్త తగ్గించినందుకు పద్నాలుగో ట్యాంకుకి అభినందనలని కూడా కింద రాశారు.

"తొమ్మిది ఉన్నాయిగా. దీన్ని దిగనియ్యకు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు, కాటా వైపు చూశాడు. ఆయన నాతో ప్రేమగా మాట్లాడిన మాటలు లెక్కపెడితే ఇదొకటి.

దిగనియ్యనని చెప్పాను.

బరువు: 9 కిలోలు. పడవ ఆగింది: నిమిషంన్నర.

ఐదో తూకానికి ఆరు రోజుల ముందు

చేతొడుగుల కంపెనీ వాళ్ల జవాబొచ్చింది. చిరిగినవి వెనక్కి తీసుకుని కరిగించి కొత్తవి చేస్తారట. వాళ్ల డ్రోను వచ్చి నిన్నే అన్నీ మూటగట్టి పట్టుకుపోయింది. ఒప్పందం ఆఫీసు పుస్తకంలో కూడా ఎక్కింది. ఆ కంపెనీని బతిమాలి ఉత్తరం రాసింది నేనే, నోటీసు రాకముందు. నా చేత్తో నేనే.

ఇప్పుడు మా దగ్గర పారేయడానికేమీ లేదు. పొద్దున్నుంచీ పదకొండు మందిమీ చెత్త కోసం వెతికాం. దేవుడమ్మ తెగిన చెప్పుల జత తెచ్చింది. వలకి బెండుగా పనికొస్తాయని ఎవరో అన్నారు, వాళ్లని కొట్టబుద్ధైంది. వంకర తిరిగిన మేకులు తెచ్చారు, అవి సాగగొట్టి వాడుకోవచ్చు. మాడిన గిన్నె తెచ్చారు, అది తోమితే పోతుంది. కూరగాయల తొక్కలు పాత ఐసుపెట్టెల్లో వేసి వాటిలోనే వంగమొక్కలు పెంచుతున్నాం. నెల కింద ఇవన్నీ కళ్లు మూసుకుని పారేసేవాళ్లం. ఇప్పుడు ఎవరికీ చెయ్యి రావడం లేదు. ఈ బుద్ధి వాళ్లకి నేర్పింది కూడా నేనే.

పిన్ని పక్కకి పిలిచి అంది, "రెండు పెట్టెల రొయ్య ఎండలో పెట్టేత్తాను. కుళ్లిపోద్ది. కుళ్లింది సెత్తేగా."

వద్దన్నాను. పదకొండు మంది చేతులు పగిలేలా ఒలిచిన సరుకుని నా మొగుడి మొహం చూడ్డం కోసం కుళ్లబెడితే నాకు అన్నం దిగదు. వద్దన్నందుకు పొద్దుగూకేదాకా బాధపడ్డాను. రెంటిలో ఏదీ అబద్ధం కాదు.

ఐదో తూకం

పడవ వచ్చే వేళకి పడవ ఆగే పక్క బల్ల మీద ఒక గంప ఉంది. పైన గోనె కప్పి ఉంది. నేను పెట్టలేదు. ఎవరు పెట్టారని అడిగితే అందరూ సముద్రం వైపు చూశారు.

ఎల్లాజీ కొక్కెం వేసి గంప కాటా మీదికి లాగాడు. ఆరు కిలోలు. ఆయన మొహం తేటపడటం నేను చూశాను. గోనె తీశాడు. లోపల ఎండు రొయ్యలు. మా వాళ్లు తమ వాటాగా వచ్చిన సరుకులో తలా కొంచెం తీసి పోశారు. ఒక్కటి కూడా పాడైంది కాదు.

ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు.

"ఉప్పు బాగా కుదిరింది. ఇది సెత్తని ఎవరన్నారు?"

"మేం అంటన్నాం. మా వాటా, మా ఇట్టం" అంది పిన్ని.

"తినే సరుకు సెత్త కింద ఎక్కించుకోకూడదు అత్తా. ఎక్కిత్తే నేను పడవలో ఉండకూడదు."

"కళ్లు మూసుకుని ఆరని రాసెయ్ అల్లుడూ. నీ పెళ్లాం మొగం సూడు ఒక్కసారి."

ఆయన చూశాడు. చాలాసేపే చూశాడు. రాస్తే బాగుండునని నాకు మనసులో ఉంది, దాచుకోవడం దేనికి. రాస్తే ఈ మనిషి ఎల్లాజీ కాకుండా పోతాడని కూడా తెలుసు.

"కళ్లు మూసుకుని రాసేవోడికి కాటా ఎందుకత్తా?" అని గంప దించేశాడు. పుస్తకంలో సున్నా రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. అక్షరం ఎప్పుడూ గుండ్రంగా రాసేవాడు, ఇవాళ సున్నా కూడా వంకరపోయింది.

పిన్ని ఆయన్ని నానా మాటలూ అంది. మిగతావాళ్లు అందుకున్నారు. ఆయన తలవంచుకుని విన్నాడు, సైరన్ మోగినా పడవవాళ్లని ఆగమన్నాడు. తిట్లు తినడానికే ఆగాడో, నన్ను చూడ్డానికే ఆగాడో అడగలేదు. పడవ కదిలాక ఎప్పటికో గుర్తొచ్చింది, ఈ మూడు తూకాల్లో మేమిద్దరం అంతసేపు ఎదురెదురుగా ఉన్నది ఇవాళే.

బరువు: 0. పడవ ఆగింది: 11 నిమిషాలు.

ఆరో తూకం

పడవ రాలేదు. దూరంగా తొమ్మిదో ట్యాంకు మీదుగా పోయింది. కాటా దగ్గర ఎవరున్నారో అంత దూరానికి కనిపించలేదు.

షెడ్డులో కొత్త ఇబ్బంది మొదలైంది. దంచిన పొట్టు పొడి బస్తాలు పేరుకుపోయాయి. కోళ్లఫారాల వాళ్లు కావాలంటున్నారు, పంపే దారి లేదు. దుమ్ము రెక్కల్లో పడుతుందని డ్రోన్ల వాళ్లు ఎక్కించుకోరు. తూకం పడవ సరుకు ఎక్కించుకోదు, పైగా ఇప్పుడు ఆగదు. పడుకునే చోటంతా బస్తాలే. నిన్న నేను ఒక బస్తా మీద పడుకుని లేచాను, జుట్టంతా పొడి. చెత్త ఉన్నప్పుడు కనీసం పది రోజులకోసారి పోయేది. పనికొచ్చే సరుకు ఎక్కడికీ పోవడం లేదు.

మమ్మల్ని చూసి మిగతా ట్యాంకులూ ఎండబెట్టడం, దంచడం నేర్చుకున్నాయి. ఏడు ట్యాంకులు సున్నాకి దిగాయి. ఇవాళ రేడియోలో ఆఫీసు కబురు చెప్పింది. ఈ దారిలో తూకం పడవ నడపడం దండగ కాబట్టి ఆపేస్తున్నారు. తూకందార్లని ఇళ్లకి పంపేస్తున్నారు. అందులో నా మొగుడు ఒకడు.

పదిహేడేళ్ల ఉద్యోగం. ఊడగొట్టింది నేనే. ఎవరూ నన్ను ఆ మాట అనలేదు, పిన్నితో సహా. అంటే బాగుండేది.

బరువు లేదు. పడవ లేదు.

ఏడో తూకానికి ఏడు రోజుల ముందు

ఇవాళ రేడియోలో నాలుగు ట్యాంకుల వాళ్లం మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నాం అంటే పోట్లాడుకున్నాం. బస్తాల మీద అందరమూ పడుకుంటున్నాం కనుక అందరి ఓపికా అయిపోయింది. మసేనుకి చిన్న పడవ ఉంది. ట్యాంకు ట్యాంకుకీ తిప్పి పొడి బస్తాలు ఎత్తి గట్టుకి చేరుస్తానన్నాడు. అందరి పొడీ కలిసిపోతుంది, వచ్చిన దాంట్లో ఎవరి వాటా ఎంతో బరువుని బట్టే తేలాలి. మరి తూచేదెవరు?

మా షెడ్డులో తూచుకుంటామని నేనంటే, మీ కాటా మాకు తెలియదా అంది పదిహేడో ట్యాంకు. మసేను తూస్తాడంటే, అతని చేపలు మేసింది ఎవరి ఖాతాలో అన్నారు. గంటసేపు ఎవరికి వాళ్లు అరిచారు. నేను రేడియో కట్టేయబోయాను.

అప్పుడు తొమ్మిదో ట్యాంకు వరాలమ్మ అడ్డొచ్చింది. ఆ రోజు నన్ను చూసి నవ్విన వరాలమ్మే.

"ఇంట్లో కూసున్నాడుగా ఎల్లాజీ. ఆయన్నెట్టండి. పెళ్లాం ఎదురుగా నిలబడితే సున్నా రాసినోడు, మనకి ఎక్కువ తక్కువలు రాత్తాడా?"

సున్నా సంగతి ఆమెకెలా తెలిసిందని అడిగాను. నూకరత్నం పిన్ని ఆ సాయంత్రమే అన్ని ట్యాంకులకీ రేడియోలో చెప్పి ఆయన్ని తిట్టిందట. పిన్ని వంగమొక్కలకి నీళ్లు పోస్తూ విననట్టు నటించింది.

ఎవరూ కాదనలేదు. జీతం ఇవ్వలేం, తలా కొంత ఎండు రొయ్య ఇస్తామని కబురు పంపాం. వస్తానని జవాబొచ్చింది. ఎన్ని కిలోలిస్తారో ముందే కాగితం మీద రాయమన్నాడట. అచ్చం ఆయనే.

ఏడో తూకం

మసేను పడవ పొద్దెక్కేసరికి వచ్చింది. చిన్న పడవ. కాటా మాత్రం పాతదే, ఆఫీసువాళ్లు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. ఎల్లాజీ మా బల్ల మీదికి దిగి కాటా సమంగా ఉందో లేదో నాలుగు వైపులా చూసి గానీ నా వైపు చూడలేదు. కాస్త చిక్కాడు. ఆఫీసు చొక్కా లేకపోతే ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

"ఉద్యోగం పోగొట్టాను మావా" అన్నాను. పది రోజులుగా ఆ ఒక్క మాటే నోట్లో ఆడుతోంది.

"తూకం పోలేదుగా. బత్తాలు తే" అన్నాడు.

తెచ్చాను. పొట్టు పొడి పన్నెండు బస్తాలు. ఒక్కొక్కటీ కాటా మీద పెట్టాడు, ఖాళీ గోనె బరువు తరుగు తీశాడు, పలక మీద రాశాడు. పన్నెండోది రాసేసరికి ముప్పై అయిదు నిమిషాలయింది. మసేను తాడు విప్పడానికి లేచాడు. ఈ పడవకి సైరన్ లేదు. ఎంతసేపు ఆగాలో చెప్పే ఆఫీసూ లేదు. తూకం అయ్యేదాకా ఆగుతుంది, అంతే.

"మళ్లీ తూయి" అన్నాను.

ఎల్లాజీ పలక మీంచి తలెత్తాడు. పదిహేడేళ్లలో ఆయన్ని ఆ మాట అన్నవాళ్లు లేరు. చెవులు ఎర్రబడ్డాయి.

"నా తూకం మీద నమ్మకం లేదేటే?"

"లేదు మావా. మొదటి బత్తా కాణ్ణుంచి తూయి."

నా మొహంలోకి చూశాడు. కాసేపటికి చెవుల ఎరుపు తగ్గింది. మసేనుని టీ తాగి రమ్మని పిన్ని దగ్గరికి పంపి, పలక మీద రాసిందంతా చేత్తో తుడిచేశాడు. మొదటి బస్తా ఎత్తి కాటా మీద నెమ్మదిగా పెట్టాడు.

బరువు: 246 కిలోలు. పడవ ఆగింది: రెండు గంటల పది నిమిషాలు.